పసుపు బొట్టు పెట్టిన షేర్లు

మా రెండో సాంచా మోటారు కాలిపోయిన రోజు లేచిన పొగకి మా భవాని పేట్ మొత్తం మధ్యాహ్నమే దీపాలు పెట్టుకుంది. నేను పెంచి చెబుతానని అనేవాళ్లున్నారు. వాళ్లెవరూ ఆ రోజు ఊళ్లో లేరు. సాంచా అంటే మరమగ్గం. మాకున్నవి రెండే, వాటి మీద తువ్వాళ్లు నేస్తాం. దీపావళి గిరాకీ నెత్తిమీదికి వచ్చిన వేళ ఒకటి ఆగిపోయింది. మా ఆవిడ బీడీలు చుట్టి దాచిన డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టి, కొత్త మోటారు తెమ్మంది. ధర అడిగితే ఇంకాస్త కావాలని తేలింది. ఆ కాస్త షేర్ బజారులో సంపాదిద్దామనుకున్నాను.

నా ధైర్యానికి ఆధారం లేకపోలేదు. జనం సొమ్ము పోగుచేసి షేర్లు కొనే ఫండ్ మేనేజర్లు మూడు నెలలకోసారి తమ దగ్గర ఏమేం ఉన్నాయో చూపించాలట. అందుకని ఆఖరి రోజుల్లో, అప్పటికే బాగా పెరిగిన షేర్లను ఇంకా కొని పైన పెడతారని, పడిపోయినవాటిని వదిలించుకుంటారని ఫోను వీడియోలో ఒకాయన చెప్పాడు. ఆయన చెప్పడానికి ఒక యుగం పట్టింది, నాకు అర్థం కావడానికి ఒక తుమ్ము పట్టింది. మా పేటలో వ్యాపారి వస్తున్నాడంటే మరక లేని తువ్వాళ్లు కట్టలో పైకొస్తాయి, అంచు వంకరపోయినవి అడుక్కి పోతాయి. అంతకంటే ఇందులో ఏముంది? సెప్టెంబర్ ఆఖరి వారంలో, అప్పటికే పరుగెత్తుతున్న ఒక కంపెనీ షేర్లు మోటారు డబ్బుతో కొనేశాను.

"మోటార్ ఏదయ్యా?" అంది మా ఆవిడ, ఒళ్లో చాట పెట్టుకుని బీడీ ఆకు కత్తిరిస్తూ.

"వస్తది తియ్యే. ఇప్పుడు గిదే నా సాంచా," అని ఫోను చూపించాను. "దారం తెగుడు లేదు, కండె మార్చుడు లేదు. బస్, చూసుకుంట కూసునుడే."

"కూసునుడైతే నీకు మస్తు వస్తది," అంది.

షేరు నిజంగానే పెరిగింది. నెలాఖరు రోజున బామ్మర్ది పరుగున వచ్చాడు. కొంతం చౌక్ దగ్గర ఒక గోదాములో తువ్వాళ్లు మడతపెడతాడు.

"బావా, ఇయ్యాల్నే అమ్మెయ్. మోటార్ పైసలు ఎల్తయి."

"ఆగురా. యాపారి చూసిపోయిన కట్ట ఆ పొద్దే ఎవడన్నా ఇప్పుతడా? తెల్లారినంకనే గద. అందాక ఇంక పెరుగుతది. పొద్దుగాల్నే అమ్ముత."

"గవి తువ్వాళ్లు బావా."

"నీకు మడతపెట్టుడు తెలుసు, నాకు నేసుడు తెలుసు. నడువ్."

తెల్లారితే ఖండేనవమి, మా ఆయుధ పూజ. ఆ రోజు పేటలో సాంచాలన్నీ ఆగుతాయి. ఆ నిశ్శబ్దం అలవాటు లేక గోడలు కూడా ఒకదాన్నొకటి 'ఏమైంది' అని అడుగుతాయి. పూజలో పెట్టిన పనిముట్టును దసరా సాయంత్రం దాకా ముట్టకూడదు. మా ఇంట్లో ఈ నియమానికి కాపలాదారుణ్ని నేనే. నేను స్నానం చేసి వచ్చేసరికి పూజ అయిపోయింది. బామ్మర్ది దండ దారం తెంపడానికి పీట మీది కత్తెర అందుకోబోయాడు. ఊరవతల కుంభారి దాకా వినపడేలా తిట్టాను. అప్పుడు చూశాను పీటని. నూలు అటూ ఇటూ తిప్పే నాడె, పానా, కత్తెర, వాటి నడుమ పసుపు కుంకుమలతో, బంతిపువ్వుతో నా ఫోను.

"దీన్నెందుకు పెట్టినవే?"

"నువ్వే అంటివి గద, గిదే నా సాంచా అని. సాంచకు పూజ చెయ్యకుంటె ఎట్ల?"

"ఒక్క నిమిషం తీస్తనే. బజార్ తెరుస్తరు."

"తియ్యి. నేనేమన్న వద్దంటున్ననా?"

"బావా, నేను కత్తెర గూడ తియ్యాల్నా మరి?" అన్నాడు బామ్మర్ది.

నేను పీట ముందు కూర్చున్నాను. బజారు తెరిచాక ఫోను గుర్రుమన్నప్పుడల్లా బంతిపువ్వు కొంచెం జరిగేది. మధ్యాహ్నానికి పువ్వు కింద పడింది. షేరు సంగతి వేరే ఎవర్నీ అడగబుద్ధి కాలేదు.

మర్నాడు దసరా, బజారుకే సెలవు. ఆ తర్వాతి రోజు పసుపు తుడిచి చూస్తే, నేను కొన్న ధర కంటే చాలా కిందికి దిగి ఉంది. మేము అగరొత్తులు వెలిగిస్తున్నప్పుడే ఫండ్ వాళ్లు కట్ట విప్పేశారు. ఇంకా దిగుతుందేమోనని అమ్మేశాను. మిగిలింది కొత్త మోటారుకు చాలదు. కాలినదానికే కొంతం చౌక్‌లో రాగితీగ మార్పించాం. ఏనుగు పిల్లంత మోటారును మెకానిక్ నా ముందుకు నెట్టాడు.

"కొత్తదనుకోకుండ్రి. దీపావళి ఎల్లదీస్తది. మూడు నెలలు గుంజుతది, ఆ తర్వాత నాకు తెల్వది."

మూడు నెలలంటే డిసెంబర్ ఆఖరు, ఫండ్ వాళ్లు మళ్లీ కట్ట సర్దే వేళ. నా చెయ్యి జేబు మీదికి పోయింది. మా ఆవిడ నా ముఖం చూసి, నా జేబులోంచి ఫోను తీసి కొంగున ముడివేసుకుంది.

"ఎత్తుకో," అంది మోటారు చూపిస్తూ.