జర ఆగు, ఊరు తీసేస్త

ఆ జిరాక్సు దుకాణమామెను తలుసుకుంటే ముందుగాల గా మాటే యాదికొస్తది: "జర ఆగు అక్కా, ఊరు తీసేస్త."

మా ఆయన సచ్చిపోయినంక భూమి కాయితాల మీద ఏలిముద్ర ఎయ్యమని మా మరిది కొట్టిండు. యాష్టకొచ్చి బిడ్డను తీస్కొని ఇచ్చోడ నుంచి కరీంనగర్ వచ్చిన. ఏడున్ననో మా అవ్వకు గూడ చెప్పకుండ బీడీలు చేసుకుంట బతుకుతున్న. మనుమరాలి ఫొటో పెద్దగ కడిగించుకుంట, పంపు అన్నది మా అవ్వ. జాడ తెల్వద్దని బిడ్డను ఉత్త గోడకు నిలవెట్టి తీసిన. అవ్వకు పంపియ్యమని ఆ జిరాక్సు దుకాణానికి పోయిన.

"గోడ చెప్పకపోయినా ఫొటో చెప్తది. ఏడ తీసినవో దాని లోపల్నే రాసుంటది," అన్నది దుకాణమామె. ఫోన్ల మా గల్లీ నక్ష చూపెట్టింది. ఆమె కొంగుతోని ఫోన్ తుడిసి, ఫొటో లోపలి జాడంత తీసేసి పంపింది.

నెలకు అవ్వ ఫోన్ చేసింది. "నీ మరిది నా ఫోన్ గుంజుకొని ఆ ఫొటో ఎవలికో చూపెట్టిండు బిడ్డా. ఏం దొరకలేదని తిట్టుకుంట పోయిండు."

దుకాణమామెకు చెప్దామని ఉరికిన. దుకాణానికి తాళమున్నది. పక్క చాయ్ ఆయనను అడిగిన.

"నిన్న ఎవలో మొగోడు ఆమె ఫొటో పట్టుకొని ఎతుక్కుంట వచ్చిండు. గియ్యాల ఆమె సామాను సదురుకొని పోయింది," అన్నడు.

ఆమెది ఏ ఊరో నేనెన్నడు అడగలే. ఏడికి పోయిందో గూడ తెల్వదు. ఎవలడిగినా చెప్పేటందుకు నా తాన ఏం లేదు. మంచిదే.