పెద్ద డ్రమ్మును మోసిన ఎండాకాలం

మొన్న శనివారం వాటర్లూలో మనవాళ్ళ పిక్నిక్‌కు వెళ్ళినప్పుడు, పార్కులో మాంసం కాల్చుకునే ఇనప పొయ్యి మీద ఒక అమ్మాయి డప్పు కాపుతూ కనిపించింది. కరీంనగర్ వైపు నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్ల. డప్పును ట్రెయిన్‌లో ఒళ్ళో పెట్టుకుని వచ్చిందట. వెనక మొక్కజొన్న కంకులు పట్టుకుని వరుసలో నిలబడ్డవాళ్ళు తొందరపెడుతుంటే, పాపం ఆ కంగారులో తోలును నిప్పులకు మరీ దగ్గరగా, కదపకుండా పట్టుకుంది. చూస్తూ ఊరుకోలేకపోయాను.

"అట్లా ఒక్కచోటే పట్టకమ్మా, తిప్పుతుండు. తోలు మాడిపోతది," అన్నాను.

ఆ పిల్ల తలెత్తి, "మీకెట్ల ఎరుక అంకుల్?" అని అడిగింది.

ఎక్కడో చూశానులే అని చెప్పి పక్కకు వచ్చేశాను. వచ్చానే గాని కాలు ఒకచోట నిలవలేదు. పార్కింగ్ లాట్‌లో కార్ల మధ్య ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాను. మా ఆవిడ ఫోన్ చేసి ప్లేటులో అన్నం చల్లారిపోతోందంటే వస్తున్నానన్నాను, మళ్ళీ తిరిగాను. ఆ ప్రశ్నకు భయపడి ఒకప్పుడు నేను నోరు మూసుకున్నాను. దానికి ఇంకొకరు మూల్యం చెల్లించారు. ఇన్నేళ్ళ తర్వాత అదే ప్రశ్న ఎదురుపడితే, చూడండి, మళ్ళీ అబద్ధమే చెప్పాను.

నేను కెనడాకు వచ్చేనాటికి ముప్పై నాలుగేళ్ళు నిండాయి. హైదరాబాదులో ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వదిలేసి స్టడీ పర్మిట్ మీద వచ్చాను. మన పిల్లలు సెమిస్టరుకో గుంపు చొప్పున దిగుతున్న రోజులవి. అప్పుడు వచ్చినవారికి గుర్తుండే ఉంటుంది, బేస్‌మెంటులో ఆరుగురం, ఒకరు లేచిన పరుపు మీద ఇంకొకరు నడుం వాల్చడం, ఎప్పుడూ చల్లారని రైస్ కుక్కర్. కొత్తవాడు రాగానే ఏ ఊరు, నాన్నగారేం చేస్తారు అన్న రెండు ప్రశ్నలూ తప్పవు. మా నాయన బడిపంతులని చెప్పాను. మా నాయన, మా తాత డప్పు కొట్టేవారు. మన ఊళ్ళలో డప్పు ఎవరు కొడతారో తెలిసినవారికి మిగతాది చెప్పనక్కర్లేదు. ఆ మిగతాది ఎవరికీ తెలియకూడదనే నేను ఆ అబద్ధం ఆడాను.

ఆ గదిలోనే గుంటూరు నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఉండేవాడు. ఎంత అలసి వచ్చినా అందరికీ పప్పు వండిపెట్టే మనసు, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం. ఎండాకాలం సెలవుల్లో మా ఇద్దరికీ శని, ఆదివారాలు ఒక డ్రమ్ బృందం సామాను మోసే పని దొరికింది. డ్రమ్ములూ బాకాలూ వాయిస్తూ వీధుల్లో కవాతు చేసే ఇలాంటి బృందాలు అప్పట్లో ఈ చుట్టుపక్కల చిన్న ఊళ్ళలోనూ కొన్ని ఉండేవి. సామాను లారీకి ఎక్కించడమంటే ఏదో ఒకటి లోపలికి తోసెయ్యడం కాదు. ఏ పెట్టె పక్కన ఏది ఉండాలో లారీ నేల మీద సుద్దతో గీతలు గీసి ఉండేవి. ఆ గీతలు గీసింది సామానుకు పెద్దగా ఉన్న ఒక ముసలాయన. మేమాయన్ని మాలో మేము పెద్దాయన అనుకునేవాళ్ళం.

అన్ని డ్రమ్ములకూ ప్లాస్టిక్ పొరలే గాని, ఒక్క పెద్ద డ్రమ్ముకు మాత్రం దూడ తోలు. అది బృందం పెట్టిననాటిది, పెద్దాయన తండ్రి మోసినది. దాన్ని అన్నిటికన్నా ఆఖర్న ఎక్కించి, అన్నిటికన్నా ముందు దించాలి. ఇద్దరు పట్టాలి, నేల తగలనివ్వకూడదు, బూడిదరంగు కంబళి మీదే పెట్టాలి. దాని మీద మూడు దెబ్బలు పడితేనే బృందం అడుగు వేసేది. మోకాళ్ళు మొరాయించేదాకా ఆ మూడూ పెద్దాయనే కొట్టాడు, తర్వాత ఆయన కూతురు కొట్టేది. మొదటిసారి దాన్ని ఎత్తినప్పుడు నా ముక్కుకు తగిలిన వాసన మా ఇంటి వాసన. ఎత్తినచోటే ఆగిపోయాను. బరువుకు అనుకున్నాడు తమ్ముడు.

"ఎం.టెక్ చదివి డప్పులు మోస్తున్నామని ఇంట్లో తెలిస్తే ఇంకేమన్నా ఉందా అన్నా. మా ఊళ్ళో ఈ పనికి వేరే వాళ్ళుంటారు," అన్నాడు ఒకనాడు నవ్వుతూ.

నేనూ నవ్వాను. అతని కన్నా నేనే ఎక్కువ నవ్వాను.

ఆ ఏడాది వేసవి మొదట్లో పెద్దాయనకు ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఆసుపత్రికి దగ్గరగా ఉంటుందని లండన్‌లో, అంటే ఇంగ్లండుది కాదు, ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న లండన్‌లో, చెల్లెలి ఇంటికి చేరాడు. అయినా ఎండాకాలం కవాతుకు ఒక్కసారి తీసుకెళ్ళండి, రోడ్డు పక్కన కుర్చీలో కూర్చుని ఆ మూడు దెబ్బలు విని వస్తాను అని డాక్టర్ల దగ్గర ఒప్పించుకున్నాడు. మళ్ళీ రాగలడో లేదో ఎవరికీ తెలియదు. కూతురు వారమంతా మాకు అదే చెప్పింది.

ఆ రోజు పొద్దున తుంపర పడింది. లారీలోంచి డ్రమ్ము దించేసరికి కంబళి చెమ్మగా ఉంది. ఆమె వేళ్ళతో తట్టి చూస్తే మెత్తగా, గొంతు పోయిన మనిషి మాటలా పలికింది. జేబులోంచి డ్రమ్ముకు వాడే చిన్న తాళంచెవి తీసి దాని చుట్టూ ఉన్న మరలు ఒక్కొక్కటే బిగించడం మొదలుపెట్టింది. ప్లాస్టిక్ పొరలతో పెరిగిన చెయ్యి, బిగిస్తే పలుకుతుందనే ఆమెకు తెలుసు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. తడిసిన తోలును బిగిస్తే ఎండకు చస్తది, దాన్ని కాపుకోవాలె గాని గుంజొద్దు అని మా నాయన నా చెవి పట్టుకుని చెప్పిన మాట నాకు మొన్న విన్నట్టుంది. లారీ ముందు సీటులో హీటర్ వేసి పావుగంట ఉంచితే చాలు.

ఆమె మా వైపు తిరిగి, ఇంకాస్త బిగించనా, మీకేమనిపిస్తుంది అని అడిగింది. తమ్ముడు భుజాలెగరేసి నన్ను చూశాడు.

"నీకేమన్నా తెలుసా అన్నా?"

"నాకేం తెలుస్తది," అన్నాను.

అంతే నేను చేసింది. ఆమె ఇంకో చుట్టు బిగించింది.

కాసేపటికి మబ్బు విడిపోయి ఎండ విరగకాసింది. ఆ గంటలో నేను ఒకచోట నిలబడలేదు. సర్దిన పెట్టెలే మళ్ళీ సర్దాను, అక్కర్లేని నీళ్ళు తెచ్చాను, పది నిమిషాలకోసారి ఆ డ్రమ్ము పక్కనుంచి నడిచాను. తోలు తెల్లబడి, బిర్రుగా లాక్కుపోవడం కళ్ళారా చూశాను. మరలు కాస్త వదులు చేయమని అప్పుడైనా చెప్పవచ్చు. ఎలా తెలుసని తమ్ముడు అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకు జడిసి, పెట్టెలు సర్దుతూనే ఉన్నాను.

రోడ్డు అవతల మడతకుర్చీలో పెద్దాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మొదటి దెబ్బ గంభీరంగా మోగింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. రెండో దెబ్బకు, కొత్త గుడ్డ చింపినట్టు ఒక చప్పుడు. మూడోది పడలేదు. కర్ర చేతిలో పట్టుకుని ఆమె అలాగే నిలబడిపోయింది. చిన్న డ్రమ్ములవాళ్ళే అందుకుని కవాతు నడిపించేశారు.

చిట్లిన డ్రమ్మును మేమిద్దరం లారీ దగ్గరికి మోసుకుపోతుంటే పెద్దాయన ఆపమన్నాడు. ఆ చీలిక మీద అరచెయ్యి పెట్టి, ఏడుస్తున్న కూతురితో, "తడి రోజున బిగించకూడదని నీకు చెప్పడం మర్చిపోయాను. తప్పు నాదే," అన్నాడు. ఆయాసపడుతూనే, జాగ్రత్తగా మోస్తున్నందుకు మా ఇద్దరికీ థాంక్స్ చెప్పాడు. తమ్ముడికి కళ్ళనీళ్ళు తిరిగాయి. నేను తల ఊపాను. తనది కాని తప్పును ఒక ముసలాయన తన నెత్తిన వేసుకుంటుంటే, ఆ డ్రమ్ము అంచు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. మొదటి మౌనానికి భయమనే సాకు ఉంది. ఈ రెండో దానికి ఏ సాకూ లేదు.

పెద్దాయన ఆ తర్వాత రెండేళ్ళు బతికాడు. తమ్ముడు బస్సెక్కి లండన్ వెళ్ళి ఆయన్ని చూసి వచ్చేవాడు. డ్రమ్ముకు ప్లాస్టిక్ పొర వేశారనీ, అది బకెట్‌లా మోగుతోందని పెద్దాయన నవ్వాడనీ చెప్పేవాడు. నన్నూ రమ్మనేవాడు. నాకు ఒకసారి పరీక్ష అడ్డం వచ్చింది, ఒకసారి ఇంటర్వ్యూ, ఒకసారి జ్వరం. తర్వాత ఉద్యోగం, ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్, ఇల్లు, అన్నీ వరుసగా వచ్చాయి. తమ్ముడు ఇప్పుడు కాల్గరీలో ఉంటాడు, ఉగాదికి తప్పకుండా ఫోన్ చేస్తాడు. మా నాయన బడిపంతులనే ఇప్పటికీ అతని నమ్మకం. ఆనాడే నిజం చెప్పి ఉంటే ఏమయ్యేదని ఎన్నోసార్లు ఆలోచించాను. బహుశా రెండు రోజులు ఇబ్బందిగా చూసి, మూడో రోజు అన్నా పప్పులోకి చింతపండు నానబెట్టు అనేవాడు. ఏమో, అనకపోనూవచ్చు. కాని మంచివాడు కాగల అవకాశాన్ని కూడా నేను అతనికి ఇవ్వలేదు.

పార్కింగ్ లాట్‌లోంచి తిరిగి వెళ్ళేసరికి ఆ పిల్ల పొయ్యి పక్కకు జరిగి డప్పు తట్టి చూసుకుంటోంది. నేరుగా వెళ్ళి నిలబడ్డాను.

"మా నాయన కొట్టేటోడమ్మా. ఆయననే నేర్పిండు."

"మా డాడీ కూడా," అంది తల కూడా ఎత్తకుండా. తర్వాత డప్పూ పుల్లలూ నా చేతిలో పెట్టి, "అయితే మీరు కొట్టున్రి అంకుల్, నా చేతులు నొస్తున్నయ్," అంది.

ఎవరూ ఇటు తిరిగి చూడలేదు. కంకుల వరుసలో వాళ్ళు ఉప్పూ నిమ్మకాయా వెతుక్కుంటున్నారు. కంప్యూటరు కీబోర్డుకు అలవాటుపడ్డ వేళ్ళతో తడబడుతూ రెండు దెబ్బలు కొట్టి, డప్పు ఆమెకు ఇచ్చేశాను.

ఆ బృందం ఇప్పుడు లేదు. వాళ్ళు సాధన చేసే హాలు ఉన్నచోట అద్దె అపార్టుమెంట్లు లేచాయి, వాటిలోనూ మన విద్యార్థులే ఉంటున్నారు. నేను పెట్టెల వెనక దాచుకున్న మాటను ఈ పిల్ల, చేతులు నొస్తున్నాయని చెప్పినంత తేలిగ్గా చెప్పేసింది. నాకు సంతోషం కలగాలి, కలిగింది కూడా. కాని ఇంటికి వచ్చాక కూర్చోలేకపోతున్నాను. పెద్దాయన కూతురి ఫోన్ నంబరు గుంటూరు తమ్ముడి దగ్గర ఉంటుంది. ఉగాది దాకా ఆగకుండా అడగాలి. ఇన్నేళ్ళకు ఆవిడ నంబరు నీకెందుకన్నా అంటాడు. మొదట అతనికే చెప్పాలి.