రెండూ గాజు పలకలే అన్నాను

మనిషి పరువు పోవడానికి ఎంతసేపు పడుతుందని ఎవరైనా అడిగితే నేను కచ్చితంగా చెప్పగలను. చవక ట్యాబు తెర మీద ఒక్క గీత పడేలోపు పోతుంది. కామారెడ్డిలో, నా పెళ్లిచూపుల్లోనే, ఇది స్వయంగా నిరూపించిన మహానుభావుణ్ణి నేనే. సర్దుకుని కూర్చోండి. పక్కవాడి వినాశనం చూడటానికి ఎప్పుడూ బాగుంటుంది.

నాకు ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర చిన్న మొబైల్ షాపు ఉంది. ఆ రోజుల్లో అందులో ఫోన్ల కంటే నా మాటలే ఎక్కువ అమ్ముడుపోయేవి. ఎవరైనా వచ్చి, "అన్నా, గీ సస్తా ట్యాబుకు, గా పిరందానికి ఏంది ఫరక్?" అని అడిగితే వేదాంతిలా కళ్లు సగం మూసేవాణ్ణి.

"ఏం ఫరక్ లేదు తమ్మీ. గిదీ గాజు పలకనే, గదీ గాజు పలకనే. పిరందానికి పేరొక్కటే ఎక్కువ."

పిట్ట కొంచెం కూత ఘనం అంటారు. మా షాపులో ట్యాబు కొంచెం, కోతలు ఘనం. విషాదం ఏమిటంటే, నా కోతలు జనం కంటే ముందు నేనే నమ్మాను. నమ్మి, ఆ చవక ట్యాబే ఒకటి సొంతానికి ఉంచుకున్నాను.

పెళ్లిచూపుల రోజున షాపులో అక్కను కూర్చోబెట్టి, అమ్మా నేనూ కామారెడ్డి వెళ్లాం. అమ్మాయి పేరు మౌనిక. మగ్గం పని చేస్తుంది. జాకెట్ల మీద వేసే పూలూ, లతలూ ముందు ట్యాబు మీద గీసుకుని, తర్వాత బట్ట మీదికి ఎక్కిస్తుంది. వాళ్ల నాన్న వరి పండించే రైతు, మాట పొదుపు మనిషి. ఆయన పొదుపు చేసిన మాటలన్నీ మౌనిక నాయనమ్మ ఖర్చు పెడుతుంది.

మిర్చీలు వచ్చాయి, చాయ్ వచ్చింది, మౌనిక వచ్చి కూర్చుంది. పక్కనే బల్ల మీద ఆమె ట్యాబు. ఖరీదైనది. బుద్ధిమంతుడైతే "మంచిగ గీస్తరట గదా" అని చాయ్ తాగుతాడు. నేను బుద్ధిమంతుణ్ణే అయితే ఈ ముచ్చట మీదాకా ఎందుకు వస్తుంది?

"గింత పిరంది ఎందుకు తీస్కున్నరు? మోసపోయిండ్రు," అన్నాను, షాపు గొంతుతో.

"మోసం ఏమున్నది? గీత మంచిగ పడ్తది," అంది మౌనిక.

"గీతదేమున్నది, దీంట్ల గూడ పడ్తది." సంచిలోంచి నా బ్రహ్మాస్త్రం తీశాను. "ఇసొంటియి మస్తు అమ్మిన. ఒక్కరన్న వాపస్ తెచ్చిండ్రా? తేలే! సౌండ్ ఇనుండ్రి, ఇంటి కప్పు ఎగిరిపోతది." సౌండు చివరికంటా పెంచాను. ఆ పని ఎందుకు చేశావురా అని అమ్మ ఇప్పటికీ అడుగుతుంది.

"అయితె ఇద్దరం చెరొక నెమలి గీద్దాం," అంది మౌనిక, ఎంతో వినయంగా. ఆ వినయం చూసే నేను భయపడాల్సింది.

ఆమె కలం కదిపింది. నెమలి మెడ వేడి పెనం మీద నూనె జారినట్టు కలంతో పాటే సాగింది. నా తెర మీద నా వేలు మెడ దాటి, పొట్ట దాటి, తోక చేరింది. గీత మాత్రం ఇంకా ముక్కు దగ్గరే నిలబడి దారి అడుగుతోంది. కాసేపటికి ఆ అడగడం కూడా మానేసింది.

"ఏమయింది బిడ్డా, నిద్రవోయిందా?" అంది నాయనమ్మ.

"లేదవ్వా, ఆలోచన జేస్తున్నది," అన్నాను.

"నెమలిని ఎన్నడన్న సూసిందా అది?"

తెరను పైనా, కిందా, మూలలా పొడిచాను. చవక ట్యాబులో ఒక సుగుణం ఉంది, మన పొడుపుల్ని మరిచిపోదు. పండగ ముందు దర్జీ బట్టలు తీసుకున్నట్టు అన్నిటినీ పోగేసుకుని, తీరిక దొరికాక ఒక్కసారే చేసిపెడుతుంది. సరిగ్గా అప్పుడే అక్క పంపిన వాయిస్ మెసేజ్ తెర పైభాగాన వచ్చి దిగింది. నా పొడుపులన్నీ వెళ్లి దాని మీద పడ్డాయి.

ఇల్లంతా అక్క గొంతు మోగింది.

"ఒరేయ్, నువ్వు అమ్మిన సస్తా ట్యాబులు వాపస్ తెచ్చిండ్రురా! కౌంటర్ మీద కుప్పవోసి తిడ్తున్నరు. గక్కడ మాత్రం ట్యాబు గప్పాలు కొట్టకు. ఇంకోటి, మిర్చీలు జెర సూస్కోని తిను. తాడ్వాయి పిల్లను సూడవోయినప్పుడు గట్లనే తిని..."

ఆపడానికి నొక్కాను. ఆగలేదు. మళ్లీ నొక్కాను. రెండు నొక్కుళ్లూ దానికి ఒకేసారి అందాయి. మొదటిదానికి ఆగింది, రెండోదానికి మొదటి నుంచి అందుకుంది. "ఒరేయ్, నువ్వు అమ్మిన సస్తా ట్యాబులు..."

అమ్మ దాని మీద కొంగు కప్పింది. కొంగులోంచి అక్క తిడుతూనే ఉంది. నేను లాక్కుని దిండు కింద పెట్టి, ఆ దిండెక్కి కూర్చున్నాను. అక్క నా కిందనుంచి మిర్చీల గురించి హెచ్చరించింది. ఆ తర్వాత ట్యాబు అలసిపోయి, దానంతట అదే ఆరిపోయింది.

నాయనమ్మ నా వైపు వంగింది.

"బిడ్డా, ఇంకొక్కపారి పెట్టు. తాడ్వాయిల ఏమయిందో తెల్వకపాయె."

మౌనిక చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అమ్మ నా చెయ్యి పట్టుకుని లేపింది. "నడువురా. ఇగ ఈ ఇంటికి మనం ఏం మొకం వెట్టుకోని వస్తం?"

"ఆగు చెల్లె," అన్నాడు వాళ్ల నాన్న. ఆ రోజు ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే. "పిల్లను అడగనీ. ఏమంటవ్ బిడ్డా?"

మౌనిక కళ్లు తుడుచుకుంది. "నాకు ఇష్టమే బాపు. ఈయన ఎంత పెద్ద అబద్ధమాడినా ఈయన సామానే నిజం చెప్తది. గింత ఫికర్ లేని సంబంధం ఏడ దొర్కుతది?"

ఆయన తల ఊపాడు. "సరే. లగ్గం మాటలు మాత్రం ఈ పిలగానితోని వద్దు. గా అక్కను తోలుండ్రి."

అలా పెళ్లయింది. ఇప్పుడు కౌంటర్ దగ్గర మౌనికే కూర్చుంటుంది. ట్యాబుల ఫరక్ అడిగినవాళ్లకు రెండూ చేతికిచ్చి, "మీరే సూస్కోండ్రి" అంటుంది. నేను వెనక నిలబడి మూగనోము పాటిస్తుంటాను.

కాబట్టి పాఠక మహాశయులారా, ఎల్లారెడ్డి బస్టాండుకు వచ్చిపోయే సమస్త బస్సుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: చవకదీ ఖరీదైనదీ ఒక్కటేనని ఈ జన్మలో ఇక అనను, అనేవాణ్ణి అననివ్వను, వస్తువుల సంగతి తెలియకుండా నోరు తెరవను.

ఇది రాసి మౌనికకు చూపించాను. శ్రద్ధగా చదివి కాగితం తిరిగి ఇచ్చింది.

"మంచిగనే రాసినవ్. మరి ఎన్నడు షురూ జేస్తవ్?"