బసవమ్మ పసరుకు లొంగని కామెర్లు

ఆదివారం పొద్దున్నే నందిగామలో కళ్లు పచ్చబడ్డవాళ్లంతా బసవమ్మ గుమ్మం ముందు చేరేవారు. నేలఉసిరి నూరి, మేకపాలలో కలిపి పరగడుపున తాగించేది. డబ్బు ముట్టేది కాదు గానీ పొగడ్త ఒక్కటి కూడా వదిలేది కాదు.

అలాంటి మనిషికి 1986 వేసవిలో కామెర్లొచ్చాయి. కుడి డొక్కలో పోటు, ఒళ్లంతా దురద. తన పసరు తానే మూడు ఆదివారాలు తాగింది. కళ్లు ఇంకా పచ్చబడ్డాయి. పరువు పోతుందని నల్లకళ్లజోడు పెట్టుకుని మరీ జనానికి పసరు పోసింది, మహాతల్లి!

భర్త సాంబయ్య ఇక వినకుండా హైదరాబాదు తీసుకెళ్లాడు. లివరు నుంచి పైత్యరసం పేగులోకి దిగే నాళంలో రేగుపండంత రాయి అడ్డం పడిందని డాక్టరు భారతీదేవి చెప్పింది. బసవమ్మది బలహీనమైన గుండె. కడుపు కోస్తే బతుకుతుందన్న భరోసా లేదు.

"నోట్లోంచి గొట్టం వేసి చూద్దామండీ. కొత్త పద్ధతి. రాయి రాకపోతే మాత్రం కోయక తప్పదు."

"కోయకుండా తీస్తారా! నేనూ చూడొచ్చా అండీ?" అంది బసవమ్మ. భయపడాల్సిన చోట ఆమెకు హుషారు పుట్టుకొచ్చింది.

మత్తు సగమే పట్టింది. కడుపులోది చూపించే ఎక్స్‌రే టీవీని ఓరకంట చూస్తూనే ఉంది. గొట్టం పొట్ట దాటి పేగులోకి దిగింది. డాక్టరు కరెంటు తీగతో నాళం మూతి కాస్త కోసి వెడల్పు చేసి, సన్నటి తీగల బుట్టలో రాయిని పట్టి లాగింది. రాలేదు. మళ్లీ లాగింది. రాయి బిగుసుకుపోయింది. ఇక కోతే అనుకుని బసవమ్మ దేవుళ్లందరినీ మనసులోనే ఒకేసారి పిలిచింది.

డాక్టరు వదల్లేదు. తీగల మీదుగా లోహపు తొడుగు పంపి, బయట పిడి తిప్పడం మొదలుపెట్టింది. బుట్ట రాయి చుట్టూ బిగిసింది. ఇంకొక్క చుట్టు. టీవీలో ఒక్క రాయి కాస్తా నాలుగు ముక్కలైంది! ముక్కలన్నీ పేగులోకి జారాయి, ఆగిపోయిన పైత్యం దిగింది. నోట్లో గొట్టం లేకపోతే బసవమ్మ కేక నందిగామ దాకా వినబడేది.

నాలుగు రోజుల్లో దురద పోయింది. వార్డులో కనబడ్డవాళ్లందరికీ ఈ కథే చెప్పింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నవ్వుతూ అంది:

"మామూలు కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయండీ, పసరు తాగినా తాగకపోయినా. పోటూ దురదా ఉంటే మాత్రం రాయేమో చూడాలి."

బసవమ్మకు ప్రయాణానికి ముందు ఆదివారం డొక్క పట్టుకుని వచ్చిన జగ్గయ్యపేట సౌభాగ్యమ్మ గుర్తొచ్చింది. ఆమెకీ పసరే పోసి పంపింది.

నందిగామకి బస్సు టికెట్టు తీసుకున్న మనిషి దారిలో జగ్గయ్యపేటలోనే దిగిపోయింది. సాంబయ్య పిలుస్తున్నా వినకుండా సౌభాగ్యమ్మ ఇంటికి పరుగులాంటి నడక నడిచింది. పసుపు ముద్దలాంటి కళ్లతో ఆమె గ్లాసు పట్టుకుని ఎదురొచ్చింది.

"పసరు తెచ్చావా అక్కా?"

"లేదే. తెలియక నిన్ను పది రోజులు ఆపా. ఇంకో గంట కూడా ఆపను. బట్టలు సర్దు, హైదరాబాదు పోతున్నాం."