కంబి మామ వైర్‌లెస్ పరీక్ష

ఆ రోజుల్లో మాట పక్క ఊరికి చేరాలంటే మనిషైనా మోసుకుపోవాలి, బండైనా కట్టాలి. అది గాలిలోనే పోతుందంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. నమ్మిన తరవాత, అలా పంపడానికి ఫ్రెంచి సర్కారు అనుమతి కావాలంటే అసలే నమ్మలేదు. "గాలికి గూడా గేటు పెట్నారా? రేపు ఊపిరి పీల్చాలన్నా దొర దగ్గరికే పోవాలేమో!" అంది మా అవ్వ. పిల్లవాణ్ణి పడుకోబెట్టి, నిజంగా నిద్రపోయాడా, ఊరికే కళ్ళు మూసుకున్నాడా అని మళ్ళీ మళ్ళీ చూసొచ్చి (ముక్కు దగ్గర వేలు పెట్టి చూడబోయి వాణ్ణి ఒకసారి లేపేశాను కూడా) ఇది రాయడానికి కూర్చున్నాను. ఆ పరీక్ష రోజు తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ నవ్వు పూర్తయ్యేలోపే మనసు బరువెక్కుతుంది.

మా మేనమామ పుదుచ్చేరిలో నూలు మిల్లులో కరెంటు పని చేసేవాడు. మిద్దె మీద వెదురుగడలు నిలబెట్టి వాటి మధ్య తీగలు లాగినందుకు వీధివాళ్ళు ఆయనకి 'కంబి మామ' అని పేరు పెట్టారు (మా వైపు తీగని కంబి అంటాం). అత్తది పిళ్ళైచావడి, పట్నానికి ఉత్తరాన సముద్రం ఒడ్డు పల్లె. తొలి కాన్పుకి పుట్టింటికి వెళితే నొప్పులు అడ్డం తిరిగాయి. అక్కణ్ణుంచి మనిషి బండి కట్టుకుని వచ్చి, డాక్టరును వెంటబెట్టుకుని వెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. అత్త దక్కింది, బిడ్డ దక్కలేదు. మామ మద్రాసు నుంచి వాల్వులనే గాజు బుడ్లు తెప్పించాడు, రాగితీగ చుట్టలు చుట్టాడు, చేతులు కాల్చుకున్నాడు, చివరికి రెండు పెట్టెలు తయారు చేశాడు. ఒకటి మా ఇంటికి, ఇంకొకటి అత్త పుట్టింటికి. అత్తకి మళ్ళీ నెలలు నిండుతున్నాయి, కాన్పు పుట్టింట్లోనే జరగాలని పెద్దవాళ్ళ పట్టు. ఈసారి కబురు బండి మీద కాదు, మాట నోట్లోంచి వచ్చిన క్షణంలోనే పట్నం చేరాలి. మామకి కావలసింది అంతే.

కానీ ఆ గాలి మామ ఒక్కడిదీ కాదు. రేవులో లంగరేసే స్టీమర్లూ అందులోనే మాట్లాడుకోవాలి. రేవు దగ్గర వైర్‌లెస్ చూసే దొర మామకి స్టీమర్లు వాడే ఒక తరంగం చూపించి, దాని మీదే మాట్లాడాలన్నాడు. ముందు చెవిపెట్టి వినాలి. ఎవరూ మాట్లాడకపోతేనే మీట నొక్కాలి. ఎవరో చెప్పుకోవాలి, చెప్పదలచింది క్లుప్తంగా చెప్పాలి, చివర 'అయిపోయింది' అనాలి, మీట వదలాలి. మీట నొక్కినంతసేపూ మన మాట పోతుందే తప్ప అవతలి మాట మనకి వినబడదు. ఇంకెవరికీ చోటుండదు. ఇదంతా మామ చెబితే అవ్వ, "ఓస్, కొళాయి కాడ బిందెల వరస! ఇంతమాత్రం దానికి అంత వివరమేంది?" అని తేల్చేసింది. సెలవులకి మద్రాసు కాలేజీ నుంచి వచ్చిన నేను (ఇంట్లో అందరికీ ఇంకా 'పాప'నే), చదువుకున్నదాన్ని కాబట్టి, "అది విద్యుదయస్కాంత తరంగం అవ్వా," అని సరిదిద్దాను. అవ్వ నా వైపు చూసి, "నువ్వు ముందు అన్నం తిను," అంది.

అసలు చిక్కు 'అయిపోయింది' దగ్గర వచ్చింది. మా ఇళ్ళల్లో బియ్యం నిండుకుంటాయి, దీపం కొండెక్కుతుంది, ఏదీ అయిపోదు. పుట్టింటికి బయల్దేరే ముందు మామ నేర్పుతుంటే అత్త అన్నీ ఒప్పజెప్పి సరిగ్గా అక్కడికి వచ్చేసరికి నోరు మూసుకునేది.

"తెలుగులో వద్దంటే ఫ్రెంచిలో చెప్పు. ఫినీ అను, సరిపోతాది," అన్నాడు మామ.

"భాష మారిస్తే అర్థం మారతాదా మామా? కడుపుతో ఉండేదాన్ని. బిడ్డని కడుపులో పెట్టుకుని అయిపోయింది అనమంటావా?"

"సర్కారు రూలే అది!"

"సర్కారుకి పిల్లలు లేరా?"

"సరే, ఆ రోజుకి చూద్దాం," అన్నాడు మామ. (మా ఇంట్లో జరిగిన అనర్థాలన్నీ ఈ మాటతోనే మొదలయ్యాయి.)

పరీక్ష రోజు, అనుమతి ఇవ్వొచ్చో లేదో తేల్చడానికి దొర మా ఇంటికొచ్చి, చెవులకి తొడుక్కునే వినికిడి యంత్రం పెట్టుకుని కూర్చున్నాడు. మామ చొక్కా అప్పటికే తడిసిపోయింది. దొరకి తెలుగు చెప్పడానికి నేను. మామ పిలిచాడు, మీట వదిలాడు. "ఇక్కడ పిళ్ళైచావడి. బాగా వినబడతా ఉండాది. అంతా క్షేమం," అని అత్త గొంతు పెట్టె గరాటులోంచి గణగణమని వచ్చింది. అవ్వ రెండు చేతులూ జోడించింది. దొర కూడా తల ఊపాడు. ఇక ఆ ఒక్క మాటే మిగిలింది. అత్త, "మరి నేను పోయొస్తా మామా," అంది. మీట మాత్రం వదల్లేదు.

ఎలా వదులుతుంది? పోయొస్తానన్నవాళ్ళు, ఎదుటివాళ్ళు 'మంచిది, పోయిరా' అనేదాకా గడప దిగరు. అత్త ఆ మాట కోసం మీట నొక్కిపట్టి ఎదురుచూస్తోంది. మీట నొక్కి ఉన్నంతసేపూ ఆ మాట ఆమెకి వినబడే దారే లేదు. ఇటు మామ, "మంచిదే, పోయిరా! వదులు, తల్లీ, వదులు!" అని గొంతు చించుకుంటున్నాడు. జవాబు రాలేదు కదా, మామకి కోపమొచ్చిందనుకుంది అత్త. "ఏంది మామా, పలకవు? ఆ మాట అనలేదనా? పోయొస్తా అన్నాను గదా. అమ్మ చేపల పులుసు పంపిస్తానన్నాది. పాపని అడిగినానని చెప్పు. అవ్వ మోకాలికి తైలం రాసుకుంటా ఉండాదా? సరి, పోయొస్తా... మామా?"

దొర నా వైపు తిరిగి ఏం చెబుతోందని ఫ్రెంచిలో అడిగాడు. సెలవు తీసుకుంటోందన్నాను. మరి కాసేపాగి మళ్ళీ అడిగాడు. "ఇంకా తీసుకుంటోంది మొస్సియే," అన్నాను. (కాలేజీలో ఫ్రెంచి పరీక్షకి కూడా ఇంత చెమట పట్టలేదు.) ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. వినికిడి యంత్రం తీసి నా చెవికి పెట్టాడు. అత్త పలకరింపుల అడుగున, గంప కింద కోడిపిల్లలా, ఏదో స్టీమరు టిక్కుటిక్కుమంటూ రేవుని పిలుస్తోంది. దానికి వరస రావడం లేదు.

చివరికి అత్తకి ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి కావలసొచ్చి మీట వదిలింది. తిడతాడేమోనని మేమంతా మామ ముఖం చూశాం. ఆయన మీట నొక్కి, మెల్లగా, "మంచిదమ్మా. పోయిరా," అన్నాడు.

దొర కఠినుడేమీ కాదు. ఆ స్టీమరు ఆపదలో ఉండి పిలిచి ఉంటే ఏమయ్యేదని మాత్రం అడిగాడు. బాగా నేర్చుకుని మళ్ళీ రమ్మని, పెట్టెలకి లక్క సీలు వేయించి వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే మామ, ఆచారమూ పెద్దవాళ్ళ అలకా లెక్కచెయ్యకుండా, బండి కట్టించుకుని వెళ్ళి అత్తని పట్నానికి తెచ్చేశాడు. పెద్దాసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. మామ మళ్ళీ అనుమతికి వెళ్ళలేదు. మిద్దె మీది కంబుల మీద అవ్వ చీరలు ఆరేసింది. పిళ్ళైచావడిలో ఎవరికి నొప్పులొచ్చినా ఇప్పటికీ బండే కట్టాలి. అన్ని బండ్లూ వేళకి చేరవు.

నా పెళ్ళికి ముందు ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "మళ్ళీ ఎందుకు అడగలేదు మామా? అత్తకి కాకపోతే ఊళ్ళోవాళ్ళకైనా పనికొచ్చేది గదా. ఆ మాట ఇంకెవరిచేతనైనా చెప్పించొచ్చు."

మామ కూతురి జడ అల్లుతున్నాడు, వంకరగా. "ఆమె ఆ మాట అనలేదు. బిడ్డ దక్కింది," అన్నాడు. "దానికీ దీనికీ సంబంధం లేదని నాకూ తెలుసు పాపా. వాల్వు ఎట్ట పనిచేస్తాదో తెలిసినోణ్ణి, ఇది తెలీదా? ఐనా మళ్ళీ ఆ మీట ముందర కూచోలేను."

నేను ఊరుకోలేదు. కార్యకారణ సంబంధం అంటే ఏమిటో, మూఢనమ్మకం ఎక్కడ మొదలవుతుందో చేతులు తిప్పుతూ అరగంట చెప్పాను. మామ ఓపిగ్గా విన్నాడు, మధ్యలో ఒకసారి రిబ్బను అందించమన్నాడు. చాలా బాగా మాట్లాడింది ఆ అమ్మాయి (అప్పటి నేను), ఒక్క తప్పు లేదు. ఆమెకి అప్పటికింకా పిల్లలు లేరు.