షాద్‌నగర్‌లో మోగిన మా ఊరి ఓటీపీలు

ఈ సంగతి మీద జిల్లా కార్యాలయానికి నాలుగుసార్లు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఐదోసారి స్వయంగా వెళితే, అక్కడి అధికారి చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటూ "ఈ రోజుల్ల ఫోను లేనోడెవడయ్యా?" అని నవ్వాడు. బిస్కెట్ విరిగి చాయ్‌లో పడింది. ఆయన దాని వంక చూశాడు గానీ నా వంక చూడలేదు. ఆ రోజు వినకుండా పంపించిన మాటలే ఇక్కడ రాస్తున్నాను.

2022, జులై. అచ్చంపేట దగ్గర అడవి అంచున ఉన్న మా ఊళ్లో నాది ఒక్క గది ఆన్‌లైన్ సెంటర్. దరఖాస్తులు, సర్టిఫికెట్లు నా పని. అంతకుముందు, తెలంగాణ వచ్చిన కొత్తలో, ఆధార్ క్యాంపుల్లో ఎన్‌రోల్‌మెంట్ ఆపరేటర్‌గా చేశాను. అంటే జనం వేలిముద్రలు, కళ్ల ఫోటోలు తీసి వివరాలు ఎక్కించడం. ఫారంలో మొబైల్ నంబరుకు ఒక గడి ఉండేది. తండాల నుంచి, అడవిలోని గూడేల నుంచి వచ్చినవాళ్లలో చాలామందికి ఫోను లేదు. "నీదే రాయి సారూ, నువ్వు యాడికి పోతవ్?" అనేవారు. రాసేవాణ్ణి. అందుకోసమే ఒక బటన్ ఫోను, ఒక సిమ్ విడిగా పెట్టుకున్నాను. మనిషి తానేనని రుజువు చేసుకోవడానికి ఫోనుకు వచ్చే అంకెలను ఓటీపీ అంటారు. ఊరందరి ఓటీపీలూ ఆ ఫోనుకే వచ్చేవి, నేను చదివి చెప్పేవాణ్ణి. నాలాంటి ఆపరేటర్లు ఇంకా ఉన్నారు. దీన్ని మోసమంటే ఒప్పుకోను. గడి ఖాళీగా వదిలితే తర్వాత వాళ్లకు ఏ పనీ జరిగేది కాదు.

తర్వాత, నెలనెలా రీచార్జ్ చేయకపోతే సిమ్ ఆగిపోయే రోజులొచ్చాయి. కరోనాలో సెంటర్ మూతపడ్డప్పుడు నేను ఆ ఫోనును పట్టించుకోలేదు. సిమ్ పోయింది. ఎవరికీ చెప్పలేదు. అది మాత్రం నా తప్పే.

ఆ మధ్యాహ్నం చిట్టెమ్మ, ఆమె కూతురు అనిత వచ్చారు. చిట్టెమ్మది కూలిపని. అనిత ఇంటర్ పాసైంది. డిగ్రీ సీటు కోసం ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవడానికి అదే ఆఖరి రోజు, సాయంత్రం ఐదు వరకే.

"ఇన్నాళ్లు ఏం చేసిండ్రు?" అన్నాను.

"మూడుసార్లొచ్చినం. ఒకపాలి నీకు కరెంటు లేదు, ఒకపాలి నెట్టు లేదు, ఒకపాలి నువ్వే లేవు," అంది చిట్టెమ్మ. "ఇయ్యాల గూడ కాకుంటే రేపట్నుంచి దీన్ని సీడు పత్తికి తోలుత. కూలోళ్ల మేస్త్రీకి మాటిచ్చిన."

సీడు పత్తి అంటే విత్తనాల కోసం పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దే పని. అటు వెళ్లిన ఆడపిల్లలు మళ్లీ పుస్తకం పట్టడం నేను చూడలేదు. అనిత గోడ గడియారం వైపు చూసింది.

ఆధార్ అంకెలు కొట్టాను. ఓటీపీ పంపామన్న మాట, దాని పక్కన ఫోను నంబరు చివరి అంకెలు తెర మీద కనిపించాయి. అవి నా పోయిన సిమ్‌వి. ఆధార్‌లో నంబరు మార్చడానికి రోజులు పడుతుంది. మాకున్నది గంట కూడా కాదు. వేరే దారి తోచక నా పాత నంబరుకు నేనే ఫోన్ చేశాను. మోగింది.

ఆగిపోయిన ఆ నంబరును కంపెనీ ఇంకొకరికి ఇచ్చేసింది. ఎత్తినాయన పేరు ఖాజా. షాద్‌నగర్‌లో బండ్ల మెకానిక్.

"అన్నా, ఇప్పుడే నీ ఫోనుకు ఓటీపీ వచ్చింది. జర చదువుతవా?"

"అచ్ఛా! నువ్వేనా?" అన్నాడు. "ఏడాది సంది నా పానం తీస్తున్నవ్. ఎవని పింఛనో, ఎవని సర్టిఫికెటో, అన్నీ నాకే మోగుతున్నయి. నేను సూడని ఊరికి నన్ను సర్పంచ్‌ను చేసినవ్ గదా!"

"అంకెలు చెప్పన్నా, ఆడపిల్ల చదువు."

"చెప్ప. గిట్లనే ఎవడో అడిగితే మా అక్క చెప్పింది. బ్యాంకుల ఉన్నదంతా ఊడ్సుకపోయిండు."

పెట్టేశాడు. నాలుగూ ఇరవై. మళ్లీ చేస్తే ఎత్తలేదు. మూడోసారి ఎత్తగానే చిట్టెమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"తమ్మీ, పెట్టెయ్యకు. ఈ సారు దొంగోడు గాదు. బద్దకపోడు, గంతే."

ఆ మాటా నేను మరచిపోలేదు. ఖాజా మాత్రం నవ్వాడు. "మెసేజ్‌ల ఆధార్ ఆఖరి అంకెలు నాలుగున్నయి. పిల్లకియ్యి ఫోను. ఆమెనే చెప్పాలె, సారు గాదు."

అనిత తడుముకోకుండా చెప్పింది. అప్పటికి ఆ ఓటీపీ గడువు దాటిపోయింది. మళ్లీ పంపించాను. ఈసారి మా నెట్టు ఆగింది. మూడోది వచ్చేసరికి ఖాజా ముందు బండి బాగుకొచ్చిన గిరాకీ ఒకడు నిలబడి అరుస్తున్నాడు. "ఆగు భాయ్, ఈడ పరీక్ష నడుస్తాంది," అని అతన్ని కసిరి, ఒక్కో అంకే చదివాడు. ఐదుకు ఏడు నిమిషాలుండగా అనిత పేరు నమోదైంది.

"మంచిగ చదువుకో బేటీ," అని, ఫోను నాకు ఇమ్మన్నాడు. "మిగిలినోళ్ల సంగతేంది సార్? నాకు జరమొచ్చి ఫోను ఎత్తకుంటే?"

అప్పటి నుంచి, ఆ నంబరున్న వాళ్లను ఒక్కొక్కరినీ అచ్చంపేటకు తీసుకుపోయి మార్పిస్తున్నాను. ఒకరోజు కూలి పోతుంది. రాళ్ల పని చేసినవాళ్ల వేళ్ల గీతలు అరిగిపోయి ముద్ర పడదు. పడ్డా, వాళ్లకు ఇప్పటికీ ఫోను లేదు. "ఈపాలి ఎవలది రాద్దాం సారూ?" అని నన్నే అడుగుతారు. కంప్యూటరు ఊరికొస్తే పేదవాడికి తోవ దగ్గరవుతుందని నేను నమ్మి ఈ పనిలోకి వచ్చాను. ఫోను కొనలేని మనిషి తన పేరు తనదని చెప్పుకోవడానికి కూడా ఇంకొకరి దయ మీద ఆధారపడాలని ఆ రోజు తెలిసింది.

అనిత మహబూబ్‌నగర్‌లో డిగ్రీ పూర్తి చేసింది. పోయిన వారం ఖాజా ఫోన్ చేశాడు. దుబాయ్ పోతున్నాడట, నెలాఖరుకు సిమ్ బంద్ చేస్తాడట. "మీ ఊరోళ్లకు జల్ది చెప్పు సార్. నా తర్వాత ఈ నంబరు ఎవని చేతుల పడతదో," అన్నాడు. నేను ఇంకా అందరినీ మార్పించలేదు. కొందరు ఎక్కడికి వలస పోయారో కూడా తెలియదు.

కాబట్టి ఆరోసారి అడుగుతున్నాను. ఫోను లేని మనిషికి ఆ గడిలో ఏ నంబరు రాయాలి? నెలాఖరు లోపల, కాగితం మీద, సంతకంతో ఎవరైనా జవాబు చెప్పండి.