అధ్యక్షుడి కాన్వాయ్, మారెక్క గొర్రెలు

ఊళ్లో ఒక్క మాట చెప్పకుండా తిరుమణి రోడ్డు మూయించడం తప్పు. ఆ తప్పు చేసింది బందోబస్తు చూసే అధికారి ఒకాయన. వచ్చే వారం ఒక విదేశీ అధ్యక్షుడు మన సోలార్ పార్కు చూడటానికి వస్తున్నాడు. అందుకు ముందుగా నిన్నటి నుంచి రిహార్సల్ అంట. అతిథి రక్షణలో పెద్ద ఖర్చు పిలిచిన దేశానిదే, అంటే మన పన్నులదే. అదెక్కడికి పోతోందో చూసి కడిగేద్దామని శుక్రవారం బయలుదేరాను.

పావగడలో ఎనిమిదింటి బస్సెక్కాను. సర్కారు బస్సయితే కర్ణాటక ఆడవాళ్లకు టికెట్టు ఉచితం, మనకు చిల్లరతో సరిపోతుంది. తిరుమణికి చాలా ముందే కండక్టరు దించేసి, ఇంక నడుచుకోమన్నాడు. రెండు పక్కలా సోలార్ పలకలే, ఎక్కడా నీడ లేదు. నడుస్తూ చూశాను. ప్రతి కల్వర్టు కిందా మనిషి దూరి వెతుకుతున్నాడు. అధ్యక్షుడు ఏ కారులో ఉంటాడో తెలియకుండా ఒకే రకం కార్లు. ఆయన గ్రూపు రక్తంతో అంబులెన్సు. హెలికాప్టరు దిగేచోట దుమ్ము లేవకుండా ట్యాంకర్లతో తడుపుతున్నారు. పక్కన నిలబడే అంగరక్షకులు వాళ్ల దేశం నుంచి ముందే వచ్చారు, బయటి కాపలా మనవాళ్లది. తిట్టడానికి పోయినవాణ్ణి, నిజం చెప్పాలంటే నోరు తెరుచుకుని చూశాను. ఒక్క ప్రాణం కోసం ఇంత ముందుచూపు!

వల్లూరు మలుపు దగ్గర తాడు కట్టి ఇన్‌స్పెక్టరు నిలబడ్డాడు. ఈ పక్క ముళ్లకంచె దొడ్డిలో, గొర్రెలు కాసుకునే మారెక్క గొర్రెపిల్లలు అరుస్తున్నాయి. ఇక్కడ పాలు తాగే గొర్రెపిల్లల్ని దొడ్డిలో ఉంచి తల్లుల్ని మేతకు తోలుకుపోతారు, మధ్యాహ్నం పాలకు తెస్తారు. తల్లులు ఆమె మొగుడితో రోడ్డుకు ఆ పక్క ఆగిపోయాయి. ఇంకో గంట ఆగమన్నాడు ఇన్‌స్పెక్టరు. నిన్న ఇట్లే ఆగితే ఒక పిల్ల సొమ్మసిల్లిందంట. నేను ప్రజల హక్కుల మీద గట్టిగా ఉపన్యాసం మొదలుపెడితే ఆయన ఆవులించాడు.

మారెక్క మాత్రం మెల్లగా అనింది: "పొద్దు నెత్తికొచ్చినాక తల్లులు నిలబడవప్పా. నీ తాడు చూసి ఆగేకి అవేమన్నా పోలీసోళ్లా?"

కానిస్టేబుళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ గోలకు విదేశీ భద్రతాధికారి ఒకాయన దుబాసీతో వచ్చాడు. సంగతి విని, దొడ్డిలోకి తొంగి చూసి, కాన్వాయ్‌ని దూరంగానే ఆపమని వైర్లెస్‌లో చెప్పాడు. తాడు దిగింది. తల్లులు దుమ్ము లేపుతూ దాటి, వాసన చూసి దేని పిల్లను అది వెతుక్కున్నాయి. ఆయన నల్లద్దాలు తీసి చూస్తూ నిలబడి, రోజూ ఇదే వేళకా అని అడిగించాడు.

"రోజూ ఈ వేళకే. మీ దొర వచ్చిన పొద్దు కూడా ఈ వేళకే," అనింది మారెక్క.

అయితే ఆ రోజు గొర్రెలు దాటాకే కార్లు కదలాలని ఆయన ఇన్‌స్పెక్టరుతో అన్నాడు. ఇన్‌స్పెక్టరు తలూపాడు గానీ, పైనుంచి ఉత్తరువు రావాలన్నాడు.

తిరుగు బస్సులో నా కోపం పోలేదు, దాని చిరునామా మారింది. కల్వర్టు కిందికి దూరి చూసే శ్రద్ధ తప్పు కాదు. అది రోడ్డు పక్కనున్న దొడ్డి దాకా రావాలి. పరాయి దేశపాయనకు ఒక్క చూపులో అర్థమైంది మన పైవాళ్లకూ చెప్పాలి. మీరొచ్చేట్టయితే గుర్తింపు కార్డు, రెండు సీసాల నీళ్లు మరవద్దు, నడక తప్పదు. ఆ బందోబస్తు అధికారిని ఉత్తరువు అడిగేకి మారెక్క వస్తోంది, నేనూ వస్తున్నా. ఆదివారం సాయంత్రం ఐదింటికి, తిరుమణి బస్టాండు దగ్గర కలుసుకుని పోదాం. రండి.